సగం స్పీడు

కడప బండను గచ్చు మీద జానెడు ఈడ్చమన్నాడు దస్తగిరన్న.
ఈడ్చినా. గర్రుమనింది, అంతే.
"ఇది ఉరుమా, న్నా?"
"ఉండబ్బీ."
స్పూలు వెనక్కి తిప్పి
ఏడున్నర స్పీడును మూడుముప్పావుకు దించినాడు.
రాయి కడుపులో యాడో మబ్బు లేసింది,
పాలకొండల మీదినుంచి నింపాదిగా దొర్లుకుంటా వచ్చి
స్టూడియో తలుపుకాడ నిలబడింది.

బొరుగుల మీద నడిస్తే ఎండాకుల అడవి.
చేటలోకి జొన్నలు వంచితే వాన.
నాటకంలో వాన పది నిమిషాలు, మా కాడ జొన్నలు సేరే.
నాలుగు మూర్ల టేపు బ్లేడుతో కోసి
కొసకు కొస అతికించి
మిషన్ నుంచి కుర్చీ కోడు దాకా తిప్పినాడు.
నేను పెన్సిలుతో బిగువు పట్టుకోని నిలబడితి.
అదే వాన. మళ్లా అదే వాన.
ప్రతి చుట్టుకూ అదే తావున ఒక గింజ ఎగిరి పడతాంది.

"చెవులున్నోళ్లు పట్టేస్తారు న్నా."
"పట్టనీలే. మన జిల్లాలో
రెండో వాన చూసినోడెవుడు, పోల్చుకోడానికి?"

మొన్న గుజిరీ అంగట్లో
తుప్పు రేకుడబ్బా, లోపల పులిసిన వాసన.
మూత మీద ఆయన రాత: వాన, సేరు.
ఇంటికి తెచ్చి మిషనుకెక్కిస్తే
గింజ పడేదానికి ముందర ఎవరో పిల్లోడు
దగ్గు ఆపుకోని ఊపిరి పీల్చినాడు.
నేనే. అప్పుడు మా ఇద్దరికీ వినపడలా.

మీటను సగానికి దించినా.
జొన్నలు వడగండ్లయినాయి.
ఆ పిల్లోని ఊపిరి బరువెక్కి, కొంచెం పిల్లికూతతో,
ఈ పొద్దు నేను మెట్లెక్కినప్పటిదే.