తరుగు

ముప్పై ఏండ్లు చిత్తూరు బెల్లం మండీలో కాటా రాసినోణ్ణి.
గోనెకి ఇంత, తేమకి ఇంత,
దిమ్మె అడుగున దాక్కున్న మడ్డికి ఇంత
అని తరుగు తీసేవాణ్ణి.
ఇప్పుడు వేలూరు రోడ్డు మీద
తొమ్మిది గుంతల గోల్ఫు క్లబ్బులో
మనుషులకి తరుగు రాస్తా ఉండాను.

హ్యాండిక్యాప్ అంటారు ఈడ దాన్ని.
సెక్రటరీ గంటసేపు చెప్పినాడు.
నాకు మొదటి మాటకే తెలిసిపోయింది:
ఆడగలిగినోడూ ఆడలేనోడూ ఒకే కాటా ఎక్కాలంటే
ఒకడి దెబ్బల్లోంచి కొన్ని తీసెయ్యాల.
ఎన్ని అనేదానికే నాకు జీతం.

కడపటి ఇరవై ఆటలు. అందులో మంచివి ఎనిమిది.
తక్కిన పన్నెండూ పక్కన పెట్టెయ్యి.
ఇది నాకు నచ్చింది.
ఏ షావుకారూ రైతు చెడ్డరోజుని
పక్కన పెట్టగా నేను చూళ్ళేదు.

అయినా మనిషి మనిషే గదా.
తడిపిన గోనె నాకు కంటికే తూగేది.
ఢిల్లీబాబు, గ్రానైట్ ఆయన, తెల్ల బూట్లు,
కప్పు పోటీకి మూడు నెలల ముందునుంచీ
జానెడు దూరంలో గుంత పెట్టుకుని
మూడుసార్లు తప్పుతాడు.
బాగా ఆడిన రోజు కార్డే రాదు.
"చొక్కాతో పాటు ఉతికేసినారు మొగిలప్పా" అంటాడు.
ఆ ఇంట్లో చాకలిరేవు
మంచి ఆట రోజే పెడతారు మరి.

నేనేమీ అనను.
కార్డు రాని రోజుకి లెడ్జర్లో ఎర్ర గీత గీసి
ఆయన ఆడిన అన్నిట్లోకీ మంచి ఆటని
ఇంకోసారి ఎక్కిస్తాను. రూల్లో ఉండాది.
సోమవారం అందరి అంకెలూ బోర్డు మీద అతికిస్తాను,
తోతాపురి ధరల పట్టీ మాదిరి.
కూడా ఆడినోళ్ళు వచ్చి చదువుతారు.
క్యాడీ సెల్వం చదివి, నోరు మూసుకుని నవ్వుతాడు.
అంతకు మించిన తనిఖీ లేదు.

కష్టమంతా వరదరాజులు సారుతో వచ్చింది.
రిటైరైన జడ్జి. పదకొండు ఆయన అంకె,
పదేండ్లుగా అటూ ఇటూ కదల్లేదు.
ఎండాకాలం నుంచి కుడిచెయ్యి వణకతా ఉండాది.
కార్డు కింద సంతకం
చీమల బారు మాదిరి పక్కకి జారిపోతా ఉండాది.
అంకె పెరగాల. పెరగనియ్యదు రూలు.
ఏడాదిలో అయిదు దాటితే దొంగతనమే అని
ముందే అనుకుని రాసిన రూలు అది.
పదహారు దగ్గర గేటు పడింది.

గేటు కమిటీ తెరవచ్చు, జబ్బు అని కాగితం ఇస్తే.
సారు ఇయ్యడు.
ఇస్తే ఆ చెయ్యికి పేరు పెట్టాల.
"రూలు రూలే మొగిలప్పా" అన్నాడు,
ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని.

ఒకసారి పూతలపట్టు రైతు ఒకాయన
వానకి కారిపోతా ఉండే బెల్లం తెచ్చినాడు.
తేమకి తరుగు పట్టీ ప్రకారమే కోసినాను.
ఒక్క కిలో కూడా తప్పు రాయలేదు.
ఆయన కాటా దిగి, జిగురు చేతులు పంచెకి తుడుచుకుని పోయినాడు.
ఆ రాత్రి నుంచి నాకు
తప్పు రాయకపోవడం అంటే ఏందో తెలీదు.

కాగితం నేనే రాసినాను కమిటీకి.
జబ్బు అని రాయలేదు.
ఇరవై ఆటలూ వరసగా రాసి, కింద
"ఇవి నిజం" అని రాసినాను.

సోమవారం బోర్డు మీద: వరదరాజులు, ఇరవై రెండు.
సారు అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసినాడు.
"ఎవరు పెంచమన్నారు?"
"కాటా, సార్."
కోపమో ఏమో, నాకేసి చూడకుండా మెట్లు దిగినాడు.

నాలుగో గుంత కాడ, సీతాఫలం పొదల వెనకాల
ఇసకలో దిగబడింది బంతి.
ఈడినుంచి మనిషి కనబడ్డు.
సెల్వం కూడా అవతల జెండా పట్టుకుని ఉండాడు.
ఇసక లేచింది. కాసేపటికి ఇంకోసారి.
బంతి మాత్రం రాలేదు.
పొదల్లోంచి గొంతొకటే వచ్చింది,
కోర్టులో హాజరు పిలిచినట్టు గట్టిగా:
"ఆరు.
ఏడు."