గురువారం, నాలుగింటి పెట్టె

వాల్పరైసోలో మా కొండకి నిలువునా రెండు జతల పట్టాలు,
వాటి మీద రెండు చెక్క పెట్టెలు.
ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతుంది.
ఇరవై తొమ్మిదేళ్లుగా వాటి గేటు తీసి మూసేవాణ్ణి నేను.
మనిషిని మొహం కన్నా ముందు
నాణెం పెట్టే తీరుని బట్టి గుర్తుపడతాను.

ఆ పిల్ల నాణెం పెట్టదు, వదిలేస్తుంది.
అయెలెన్. పదిహేనేళ్లు.
స్వెటర్ చేతులు వేళ్ల దాకా లాక్కుని ఉంటుంది, ఎండలో కూడా.
మార్చి నుంచీ ప్రతి గురువారం నాలుగింటికి ఎక్కి
ఐదుంబావుకి దిగుతుంది.
పైన పసుప్పచ్చ తలుపింట్లో ఓయర్సున్ అని ఒకావిడ
మాటలతో వైద్యం చేస్తుందట.
మందు లేదు, కట్టు లేదు.
రెండు కుర్చీలు, ఒక గడియారం.

వాళ్లమ్మ చేపల రేవులో కత్తి పట్టే మనిషి.
అక్కడ ఒక గంటంటే
ఇక్కడ రెండు రోజులు మెర్లూసా చేపల పొట్టలు చీల్చడం.
నాకు లెక్క కుదిరేది కాదు.
మాట్లాడ్డానికి డబ్బులా?

నాకు పదహారప్పుడు
నాన్న పడవ ఒక్కటే తిరిగొచ్చింది.
ఏడో రోజు మామయ్య నా చేతికి తాడిచ్చి
"పట్టుకో, లాగు" అన్నాడు. అదే నా వైద్యం.
బాగానే పనిచేసింది.
వాన రాత్రుళ్లు ఇప్పటికీ లేచి
తలుపు గడియ వేసుందో లేదో నాలుగుసార్లు చూసొస్తాను.
అది వేరే సంగతి.

ఏప్రిల్లో, మేలో, ఎక్కిన మొహమే దిగేది.
జూన్‌లో ఒకసారి ఏడుస్తూ దిగింది.
చూశావా, డబ్బిచ్చి ఏడిపించుకోవడం!
పైకెళ్లి ఆవిణ్ణి నాలుగు కడిగేద్దామనిపించింది.
ఆ రాత్రి పిల్ల రెండు గిన్నెల సూపు తాగిందని
తర్వాత వాళ్లమ్మ చెప్పింది.
ఏడుపు మహిమో, చలి మహిమో, ఎవరికి తెలుసు.

కసాయి బెలార్మినో కొడుకూ అదే తలుపుకి ఏడు నెలలు తిరిగాడు.
మానేశాడు.
గోడలకేసి బంతి కొడుతూనే ఉన్నాడు,
అప్పట్లాగే, ఎవరితోనూ కాకుండా.

జూలైలో ఒక గురువారం పెట్టె పైకెళ్లినా ఆ పిల్ల దిగలేదు.
ఆరుసార్లు ఎక్కింది, ఆరుసార్లు దిగింది.
నేను నాణేలడగలేదు.
ఏడోసారి తనే అడిగింది:
"ఎదురొచ్చేది ఎప్పుడూ సరిగ్గా మధ్యలోనే ఎందుకు కలుస్తుంది?"
"ఒకటే తాడమ్మా. దాని బరువు నిన్ను పైకి లాగుతుంది,
నీ బరువు దాన్ని పడిపోనివ్వదు."
కాసేపు కిటికీలోంచి ఓడల్ని చూసింది.
"ఆవిడ ఏమీ చెప్పదు. అడుగుతుంది, ఆగుతుంది.
ఆ ఆగడమే నా వల్ల కాదు."

ఆగడం నాకు తెలుసు అనుకున్నాను,
బ్రేకు మీద చెయ్యేసుకుని బతికినవాణ్ణి.
కానీ నేనెప్పుడూ ఆపింది పెట్టెని.
నా కోసం ఎవరైనా అలా ఆగారా అని
వెనక్కి తడుముకుంటే
చేతికి తాడే తగిలింది.

అక్టోబరుకి స్వెటర్ చేతులు మణికట్టు దాకా వచ్చాయి.
ఎండ ముదిరింది కదా, ఎండ వల్లే కావచ్చు.
నాణెం బల్ల మీద టక్కుమని పెడుతోంది.
ఒకరోజు ఐదు రోజుల మీసం బాగోలేదంది, నాది.

నా సెలవు రోజున నేనే ఎక్కాను.
మా కుర్రాడు టికెట్ కొట్టబోయి నవ్వాడు.
పసుప్పచ్చ తలుపు దగ్గర కాళ్లు తుడుచుకున్నాను.
గంట మీద వేలు పెట్టాను, నొక్కలేదు.
లోపల ఎవరో దగ్గారు, తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
ఆ నిశ్శబ్దం ఎవరిదో. దిగి వచ్చేశాను.

ఆ గురువారం గేటు తీస్తూ, ఊరికే అన్నట్టు,
"మొదటిరోజు ఆవిడ ఏమడుగుతుంది?" అన్నాను.

పిల్ల నన్ను పైనుంచి కింద దాకా చూసింది.
నవ్వు ఆపుకుంటూ చెప్పింది:
"ఎలా వచ్చారు అని.
మెట్ల మీదా, పెట్టెలోనా అని."