నాలుగు వేళ్ల దూరం

"పెండ్లిల్లకా?" అన్నడు లతీఫ్ భాయ్,
హన్మకొండ చౌరస్తాల
అద్దాల బీరువా తాళం తీసుకుంట.
కాదన్న.
"పిట్టలకా? పాకాలకు పోతరు గదా,
గొట్టమసుంటి లెన్సున్నది."
అదీ కాదన్న.
చిన్నయి తియ్యాలె భాయ్.
ఎంత చిన్నయి?
నువ్వుగింజను మూడు తునకలు చేస్తే
అండ్ల ఒక తునకంత.

ఆయన నవ్విండు. నేను నవ్వలె.
నా జేబుల ఇరువై రెండు వేలున్నయి,
రెండేండ్ల టీఏ బిల్లులు, ఎత్తుకున్న చిట్టీ.
సంచిల స్టీలు టిఫిను డబ్బ,
డబ్బల తడిగుడ్డ,
గుడ్డల, పొద్దుగాల నర్సంపేట అవుతల
గుగులోతు సోమ్లి చేన్ల తెంపిన
నాలుగు మిరప పూలు.

మొదలు కొత్తది చూపిచ్చిండు.
నలభై ఐదు మెగాపిక్సెల్లు సార్, గోడంత ఫోటో.
గోడంత ఎవలికి గావాలె?
నాకు తామర పురుగు రెక్కంత చాలు.
రెండోది అరచేతుల పట్టేది,
సెంటీమీటరు దాక పోతదట.
పోయింది, నిజమే.
దాని నీడే పువ్వు మీద పడి
పట్టపగలు అమాసయింది.
మూడోది అసలైన మాక్రో లెన్సు.
దూరంగ కూసోని, పురుగుకు తెలువకుంట
దాని మీసాల కణుపులు లెక్కవెట్టచ్చు.
ధర చెప్పిండు.
నేను టిఫిను డబ్బ మూత
మల్లొక్కసారి సరిగ్గ పెట్టుకున్న.

మొన్న శనివారం అడిగింది సోమ్లి,
మూడు మందులు మార్చి కొట్టిన చేన్ల నిలవడి,
పూతంత రాలి ఎర్రమట్టి మీద
తెల్లగ పరుచుకున్నంక:
"దాని మొఖమొక్కపారి సూపియ్యి సారూ.
ఎవనితోని కొట్లాడి ఓడిన్నో
తెలువద్దా?"
నేను ఊరూరికి పంచే కరపత్రంల
పురుగంటే ఒక నల్ల చుక్క.
అచ్చు తప్పనుకుంటరు చూసినోళ్లు.
ఫోనుకు అవుసులాయన భూతద్దం
దారంతోని కట్టి చూసిన.
చుక్క పెద్ద చుక్కయింది.

ఇదంత చెప్తే లతీఫ్ భాయ్ శానసేపు ఏమనలె.
ఆఖరుకు కింది అర గుంజి,
వాళ్ల అబ్బా మండిబజార్ల స్టూడియో నడిపినప్పటి
రీలు కెమెరా లెన్సు తీసిండు.
"ఉల్టా బిగిద్దాం."
ఎనుకది ముందట, ముందటిది ఎనుక,
మూడు వందల రింగుతోని
ఎవలో అమ్ముకపోయిన పాత బాడీకి తగిలిచ్చిండు.
"ఫోకస్ తిప్పే పని లేదు సార్.
మీరే ముందుకు పోవాలె, మీరే ఎనుకకు రావాలె.
నాలుగు వేళ్ల దూరం. గంతే దీని లోకం."

గల్లా మీద పువ్వు పెట్టినం.
ఊపిరి బిగవట్టిన.
అటు వెంట్రుకంత జరిగితే పుప్పొడి,
ఇటు వెంట్రుకంత జరిగితే మంచు.
బయట బస్సు పోయినప్పుడల్లా
అద్దం వణికి నలభై ఫోటోలు పాడు.
నలభై ఒకటో దాన్ని గుండీ నొక్కి పెద్దగ చేస్తే,
రెక్కలా అవి?
పట్టుదారం అంచుకు కుట్టిన కుచ్చులు.
ఇంత సోకు ఎందుకే నీకు?
"మాషా అల్లా" అనబోయి లతీఫ్ భాయ్
నా మొఖం చూసి ఆగిండు.

ఆదివారం చేన్లకే తీసుకపోయిన.
సోమ్లి కొంగు తెర చేసి, ఎండ ఆపి,
అగ్గిపెట్టెంత స్క్రీన్ల మస్తు సేపు చూసింది.
తిట్టలె.
"నాకన్న బక్కగుంది" అన్నది.
తర్వాత, "నాదొకటి తియ్యి."

ఎట్ల చెప్పాలె, దీనికి మనిషి ఆనదని?
ఒక్కో అడుగు ఎనుకకేసిన కొద్ది ఆమె
చేనుల కలిసి, గుట్టల కలిసి
పొగయితాంది.
మల్ల దగ్గరికే పొయ్యి
బొటనవేలు తీసిన.
మందు డబ్బ మూత కోసిన గీత,
ఎర్రమట్టి నిండిన గోరు పగులు.

అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.
"ఇదేం పురుగు సారూ?"