కింది దారి

విశాఖ నుంచి వచ్చి దిగేసరికి ఒంటిగంట పది.
జోధ్‌పూర్ విమానం ఆరూ నలభైకి.
మధ్యలో ఉన్నది ఎవరి ఖాతాలోనూ జమ కాని సొమ్ము.
పాతికేళ్లుగా సహకార బ్యాంకుల పద్దులు తిరగేసినదాన్ని,
అలాంటిది కనబడితే చెయ్యి ఊరుకోదు.

స్టీలు కుర్చీల మీద జనం
సంచులు తలకింద పెట్టుకుని పడుకున్నారు.
నేనూ కాసేపు కళ్లు మూసి చూశాను.
పక్కన పెద్దాయన గురక
ప్రతి ప్రకటనకీ ఆగి, విని,
తనది కాదని తేలాక మళ్లీ మొదలవుతోంది.
లేచాను.

చూడాల్సినవి రాసుకొచ్చిన కాగితం ఉంది:
చార్మినార్, గోల్కొండ,
సాలార్‌జంగ్‌లో గంట కొట్టే బొమ్మ.
"గీ టైంల అన్నీ బందుంటయి మేడం,"
క్యాబ్ అద్దం తుడుస్తూ అన్నాడు జంగయ్య,
"మెలకువున్న జాగకు తీస్కపోతా.
గని నాకు మధ్యల చిన్న పనుంది."

ఆరాంఘర్ దగ్గర బండి నెమ్మది చేసి అడిగాడు:
"మీదికెళ్లి పోతే టైం కలిసొస్తది,
కిందికెళ్లి పోతే ఊరు కనబడ్తది."
ఇంత తేటగా నన్నెవరూ ఏదీ అడగలేదు.
కిందికెళ్లే, అన్నాను
అతని మాటే అరువు తీసుకుని.

ఇక్కడ స్తంభాలే చిరునామాలు.
పిల్లర్ నూట డెబ్భై దగ్గర పంక్చర్ షాపు దీపం.
ఇంకో నంబరు దగ్గర, బరాత్ ముగిసిన గుర్రానికి
జీను విప్పుతున్నారు,
దాని మొహాన ఇంకా మెరుపు కాగితాలు.
ఇద్దరు కుర్రాళ్లు ఒకే బన్ను తుంచుకుంటూ
గట్టిగా పోట్లాడుకుంటున్నారు.
పైన లారీల ఉరుము.
కింద ఆ ఉరుముకి అలవాటుపడి
ఒక కుక్క, బోర్లా.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్.
బంతిపూలని పారతో ఎత్తుతున్నారు.
పూలని పారతో ఎత్తడం నేనెప్పుడూ చూడలేదు.
దేవుడి మెడలోకి ఎక్కేదాకా అవీ సరుకే కదా,
తడి గోనెల్లో, ఒకదాన్నొకటి నొక్కుకుంటూ.
జంగయ్య భార్య అనంతమ్మకి అత్తాపూర్‌లో పూల బండి.
ఇతని చిన్న పని, పన్నెండు కిలోల చామంతి.

కాటా చూశాను.
కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాను.
"బస్తా బరువు తియ్యలేదేం బాబూ?"
కుర్రాడు నన్నూ, నా చక్రాల పెట్టెనీ చూసి
"ఏ ఊరమ్మా మీది?" అన్నాడు.
పార్వతీపురం అన్నాను.
అదెక్కడో అతనికి తెలీదు గాని
ముప్పావు కిలో ఇంకా పోశాడు.
మరి నీళ్లు చల్లిన బరువో, అంటే
"పూలకు దూప కాదా?" అని నన్నే అడిగాడు.
ఆ అభ్యంతరాన్ని నేనే కొట్టేశాను.

బోర్లించిన ట్రేల మీద కూర్చుని చాయ్ తాగాం.
రెండో గ్లాసు కూడా.

అత్తాపూర్‌లో అనంతమ్మ నిద్రమొహంతోనే
సంచిని చేత్తో ఎత్తి చూసింది.
"ఎక్కువున్నయి," అంది అనుమానంగా.
జంగయ్య నా వైపు చూపించాడు.
ఆమె నవ్వలేదు.
దోసెడు తీసి, పాత పేపర్లో చుట్టి,
బాకీ తీర్చినట్టు నా ఒళ్లో పడేసింది.

తిరుగు దారి మీదికెళ్లి.
టైం కలిసొచ్చింది, ఊరు కనబడలేదు.
ఎక్కడో కింద అజా మొదలైంది,
పూర్తి కాకముందే దాటిపోయాం.

తనిఖీలో పెట్టె ఆపారు.
తెరమీద లాప్‌టాప్ పక్కన గుండ్రటి నీడలు.
"ఫూల్?" అన్నాడు జవాను.
అవునన్నాను. రసీదు లేదన్నాను.

కిటికీ పక్క సీటాయన మాట కలిపాడు,
హైదరాబాద్‌లో ఏం చూశారండీ?
కాగితం తీశాను. మూడింట్లో ఒక్కదానికీ టిక్కు లేదు.
"చామంతి కిలో తొంభై," అన్నాను.
ఆయన మర్యాదగా తలూపి అటు తిరిగిపోయాడు.
ఆయన భుజం మీదుగా చూశాను.
కింద దీపాలు ఇంకా ఆర్పలేదు.
ఇంత పైనుంచి నంబర్లు చదవలేం.