చెయ్యి కనబడాలె

పద్నాలుగేండ్ల సంది నేను నేర్సుకున్నదొక్కటే,
గోడ మీద నా చెయ్యి కనబడకుంట చేసుడు.
పుట్టీ పెట్టి, ఉప్పు కాగితంతోని గీకి,
లైటు అడ్డంగ పట్టి చూసి
నీడ పడ్డ కాడల్లా మళ్ల గీకి.
రుసైల్ క్యాంపుల మావోళ్లు అంటరు,
లింబాద్రి కొట్టిన గోడ మీద ఈగ నిలవదని.

మబేలాల కొత్త విల్లా.
డిజైనరమ్మ ట్యాబ్ తెరిచి చూపింది.
ఈ ఏడు మెరుపు పోయిందట.
బంగారు అంచుల సోఫాలు పాతబడ్డయట,
షాండ్లియరయితే పేరే ఎత్తొద్దట.
ఇప్పుడంతా ఇసుక రంగు, ఒంటె రంగు, గంజి రంగు,
మూలలు లేని సోఫా,
గీతలు గీతల చెక్క పలక,
పగిలినట్టు చేసిన కుండ,
పగలని కుండ కంటె పిరం.

గోడలకు ఇటలీ డబ్బాలు దిగినయి.
మూత తీసిన. వాసన చూసిన.
నవ్వు ఆగక మాస్కు పైకి గుంజుకున్న.
సున్నం!
పీపాల నానబోస్తె కుతకుత ఉడుకుతది,
పిల్లగాండ్లను దగ్గరికి రానియ్యరు,
ఇంత నీలిమందు కలిపి, ఈతకుంచెతోని
బోనాలకు ముందు మా చిన్నమ్మ కొట్టేది, ఆ సున్నం.
విమానమెక్కి వచ్చింది,
డబ్బాకు నలభై రియాళ్లు.

మొదటి గోడ కొట్టిన. అద్దం లెక్క వచ్చింది.
డిజైనరమ్మ తల అడ్డంగ ఊపింది.
"మిషన్ కొట్టినట్టున్నది.
చెయ్యి కనబడాలె లింబాద్రీ, చెయ్యి!"

పద్నాలుగేండ్లు దాచిన చెయ్యి
పిలవంగనె వస్తదా?
రెండో గోడ కాడ కావాల్నని తప్పు చేసిన,
ఆ తప్పులు గూడ వరుసగనే పడ్డయి.
మూడో గోడప్పుడు జిప్సం పని జర్వాలీ ఖాన్ చాయ్ తెచ్చిండు.
వాళ్లూరి ఆక్రోటు చెట్ల ముచ్చట చెప్తుంటె
వినుకుంట, గోడ దిక్కు చూడకుంట కొట్టిన.
"అదీ!" అన్నది డిజైనరమ్మ.
ఫోన్ తీసి నాలుగు ఫోటోలు కొట్టింది.
నేను పక్కకు జరిగినంక.

పైన సీలర్ ఎక్కి ఆరినంక
ఇంటి ముసలమ్మ కర్ర పొడుచుకుంట వచ్చింది.
నిజ్వా దిక్కు ఖర్జూర తోటల్ల పెరిగిందట.
అరచెయ్యి గోడకు రాసింది,
తిప్పి చూసుకున్నది. ఏం లేదు.
నా దిక్కు తిరిగి "నూరా?" అన్నది.
"సున్నం" అన్న.
"నూరా."
"సున్నం, అమ్మా."
మళ్ల ఆ ఖాళీ అరచెయ్యే నా ముఖం ముందట పట్టింది.
అంటకపోతె అదేం నూరా?

నాకొచ్చిన అరబ్బీ నాలుగు మాటలు,
సీలరుకు అండ్ల జాగ లేదు.
డబ్బా చూపిన.
ఆమె డబ్బాను చూసింది,
ఇంటి వెనక తన అర్ర దిక్కు వేలు పెట్టింది,
మళ్ల డబ్బాను చూసి "లా!" అన్నది.
పని మనిషిని బెదిరించినట్టు కాదు,
అన్నం వద్దనే చిన్నపిల్ల లెక్క.

డ్రాయింగుల ఆ అర్రకు రంగే రాసి లేదు.
మిగిలిన సున్నం ఉన్నది, నాకు శుక్రారం ఉన్నది.
కిరాణా కొట్టుల బట్టల నీలం దొరికింది,
నాలుగు చుక్కలు వేసిన.
ఐదోది నా చెయ్యి వణికి పడ్డది.
సీలర్ మూత ముట్టలే.

లెక్క తెగినంక నిచ్చెనలు బండ్లకెక్కిస్తున్నం.
ముసలమ్మ బయటికొచ్చి నిలవడ్డది.
నల్ల అబాయా భుజం మీద ఇంత తెల్లటి మరక.
కోడలు దులపబోయింది,
ముసలమ్మ కర్ర అడ్డం పెట్టింది.

బండి రోడ్డెక్కినంక జర్వాలీ అడిగిండు,
ఏందిరా ఒక్కనివే నవ్వుతున్నవని.
ఏం లేదన్న,
నా షర్టు ఎనక ఏమన్న అంటిందా చూడుమన్న.