పొగ నీళ్లు

బడి వెనక ఖాళీ జాగా పటం
బల్ల మీద పరిచి, నాలుగు మూలలా టీ కప్పులు పెట్టాం.
అయినా నిలవదు. కేప్ ఫ్లాట్స్ గాలి
కిటికీ సందులోంచి ఇసుకను జల్లించి
మా లెక్కల మీద పోస్తూనే ఉంటుంది.

అంతటా పచ్చిక పరిస్తే చాలన్నాడు ఆరెన్సే తాత.
గడీజా పెన్సిలు తీసి అడ్డంగా ఓ గీత గీసింది.
"బంతాటకి ఇక్కడిదాకా.
ఇక్కణ్ణించి తేనెపిట్టకి."
మినిట్స్ పుస్తకం నా చేతిలో ఉంది. రాశాను:
గీత దగ్గర మాట కుదరలేదు.

గడీజా దగ్గరో జాబితా ఉంది.
ఒకప్పుడు ఈ ఇసుకలో ఏవేవి పూసేవో,
ఏ పువ్వు గొట్టం ఏ ముక్కుకి సరిపోయేదో,
రెల్లుకి చుట్టంలాంటి రెస్టియోకి
ఎన్ని అడుగుల ఎడం కావాలో.
ఆఖరి వరసలో ఎర్ర సిరాతో:
తుమ్మలు కొట్టేయాలి. దేశవాళీ కాదు.
ఓడలెక్కి వచ్చినవి,
ఇసుకను కట్టి పడేయడానికి ఎవరో తెచ్చి నాటినవి.

తాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, చాలాసేపు.
"కొండ కింద మా వీధి ఉండేది.
ఓ పొద్దున లారీ ఎక్కించి మమ్మల్ని ఈ ఇసుకలో దించారు.
ఎవరు ఎక్కడ ఉండొచ్చో
అప్పుడూ ఇలాగే జాబితా రాశారమ్మా.
సామాను సర్దుకునేదాకా మా అమ్మ పొయ్యి పెట్టింది
ఆ తుమ్మ కిందే."

అది మినిట్స్‌లో ఎలా రాయాలో తెలియలేదు.
కెటిల్ మరిగి మరిగి దానంతటదే ఆగింది.
గడీజా జాబితా మడత పెట్టింది, మళ్లీ విప్పింది.
"తుమ్మ ఉంటే దాని కింద ఇంకేదీ లేవదు తాతా," అంది
గొంతు తగ్గించి.
"తెలుసు. యాభై ఏళ్లుగా చూస్తున్నా."

మార్చిలో ఓ శనివారం, గొడ్డలి తనే తెచ్చుకున్నాడు.

ఇక్కడి గింజలకి నీళ్లొక్కటే చాలవు.
మంట వచ్చి పోయిందని ఎవరో కబురు చెప్పాలి.
పాత డ్రమ్ములో ఆ తుమ్మ కొమ్మలే రాజేసి
గొట్టంతో పొగని బకెట్ నీళ్లలోకి పంపాం.
నీళ్లు టీ రంగుకి తిరిగాయి.
తాత వంగి వాసన చూసి
"అమ్మ పొయ్యి," అన్నాడు.
ఆ తర్వాత చాలాసేపు దగ్గాడు.

ఈ ఊళ్లో వానలు చలికాలంలో పడతాయి.
మేలో చల్లినవాటిలో సగానికి సగం మొలవలేదు.
మొలిచినవాటిలో కొన్ని
పాత ఇనుము కొనే బండి గుర్రం మేసేసింది.
మిగిలినవి వేలిగోరంతే ఉన్నాయి, బూడిద అంటిన పచ్చ.
గడీజా రోజూ లెక్కపెట్టి మెసేజ్ పెడుతుంది.
నూట నలభై రెండు.
నూట ముప్ఫై తొమ్మిది.

గీత మాత్రం ఇంకా తేలలేదు.
నిన్న బంతి అటువైపు పడింది.
లిరాయ్ బూట్లు విప్పి పక్కన పెట్టి
మునివేళ్ల మీద,
పడుకున్నవాళ్ల మధ్యలోంచి వెళ్తున్నట్టు
వెళ్లి తెచ్చుకున్నాడు.