చేతికందే ఎత్తు

ఫారం ఇంగ్లీషులో ఉంది.
ఎనిమిదో గడి పేరు ప్లాజిబుల్.
అవునో కాదో టిక్కు పెట్టాలి.

గాలివాన వెళ్లిన పదకొండో రోజు.
కవిటి తాసీల్దారు ఆఫీసు వరండా,
కరెంటు లేదు, నా మోకాళ్ల మీద రిజిస్టరు.
"అంటే ఏటి బాబూ?" అనడిగాడు బంట్రోతు గవరయ్య.
నిజమా? కాదు.
నమ్మదగినదా? అదీ కాదు.
నమ్మదగినట్టుండేది.
"ఓస్, నిజంనాగ ఉన్నది!" అన్నాడు.
ఇంగ్లీషువాడు నిండు మాట ఒకటి ఖర్చుపెట్టిన చోట
మావాళ్లు ఓ తోక తగిలించి ఊరుకుంటారు:
నాగ.
ఆ తోక పడగ కూడా ఎత్తుతుందని
నాకప్పటికి తెలీదు.

పుచ్చ వైకుంఠరావు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు.
నలభై రెండు కొబ్బరిచెట్లు.
నలభై కాదు, యాభై కాదు.
సర్వే నంబరు, ఫొటోలు,
గొంతులో కొలిచి పోసినంత దుఃఖం.
ఫొటోలో మొదళ్లు నున్నగా ఉన్నాయి.
గాలికి రంపం పట్టడం రాదు.
నేను చూశాను. డిప్యూటీ గారూ చూశారు.
లెక్క కుదిరింది. టిక్కు.

తర్వాత బడే ఎర్రమ్మ.
"మూడు మేకలు బాబూ.
రెండు సచ్చిపోనాయి.
మూడోది గాలికెగిరి
పక్కోల పనసచెట్టు మీద కూకుంది.
తెల్లారినాక నిచ్చెనేసి దింపినాం.
అది బతికే ఉన్నాది, దానికి డబ్బులొద్దు.
రెండిటికే రాయండి."

వరండా అంతా నవ్వింది.
పదకొండు రోజుల్లో అదే మొదటి నవ్వు.
డిప్యూటీ గారు కళ్లు తుడుచుకుని
నా వైపు తల అడ్డంగా ఊపారు.
ఇంటూ కొట్టాను.
మేక ఎగరడమే కాదు,
వచ్చే డబ్బు వద్దనడం కూడా
ఆ గడిలో పట్టలేదు.

వెళ్తూ వెళ్తూ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి
"నానేటైనా తప్పు సెప్పినానా?" అంది.
లేదమ్మా.
తప్పు చెప్పడం నేర్చుకోకుండా వచ్చావు.
ఈ మాట నేను పైకి అనలేదు.

వేసవిలో ఓటర్ల లిస్టు పట్టుకుని ఆ ఊరెళ్లాను.
ఎర్రమ్మ గడపలో కూర్చుని వల కుడుతోంది,
నన్ను పోల్చుకోలేదు.
కుంటి మేక ఒకటి ఆ వల కొస నములుతోంది.
పనసచెట్టు కిందికెళ్లి తలెత్తాను.
మనిషి మీద మనిషి నిలబడ్డా అందని చోట
కొమ్మల పంగలో ఇరుక్కుని
పలుపు ముక్క,
దానికో ఇత్తడి మువ్వ.
చాలాసేపు చూశాక
ఒకే ఒక్కసారి మోగింది.

రాత్రి అన్నం తింటూ చెప్పాను.
"ఎంత ఎత్తున ఉంది?" అంది సుభాషిణి, చారు పోస్తూ.
ఆమె కళ్లలో ఎనిమిదో గడి కనబడింది.
"ఎంతో కాదు," అన్నాను.
"చేతికందే ఎత్తే."
"అయితే అయుండొచ్చు," అంది.